ఐఎన్‌ఐ1 స్టెయిన్: రంగు పట్టనప్పుడే జవాబు చెప్పే పరీక్ష

పిల్లల మెదడు కణితుల బయాప్సీలు చూసే పాథాలజిస్టుగా నేను ఎక్కువగా ఆధారపడే యాంటీబాడీల్లో (కణజాలంలో ఒక ప్రోటీన్‌ను పట్టుకుని, అది ఉన్న చోటును రంగుతో చూపేవి) ఐఎన్‌ఐ1 ఒకటి. బీఏఎఫ్47 అనే పేరుతో కూడా ఇది దొరుకుతుంది. మేము వాడేది దానిలో 25 అనే క్లోన్, అంటే ఒక రకం.

ఇది పట్టుకునే ప్రోటీన్ స్మార్క్‌బీ1. కణంలో డీఎన్‌ఏ 147 బేస్ జతల చొప్పున హిస్టోన్లు అనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. ఏటీపీ శక్తితో ఆ చుట్టలను పక్కకు జరిపి, కావలసిన జన్యువును చదవడానికి వీలు కల్పించే స్విచ్-స్నిఫ్ సముదాయంలో ఈ ప్రోటీన్ ఒక భాగం. 22వ క్రోమోజోము మీద ఉన్న దీని జన్యువు రెండు ప్రతులూ దెబ్బతింటే, కణ విభజనకు పగ్గం వేసే జన్యువులు సరిగా పనిచేయక కణాలు అదుపు తప్పుతాయి. పసిపిల్లల్లో వచ్చే ప్రమాదకరమైన రాబ్డాయిడ్ కణితుల వెనుక ఉన్నది ఈ జన్యులోపమేనని 1998లో పారిస్‌లోని క్యూరీ సంస్థ పరిశోధకులు చూపించారు.

పసిపిల్లల చిన్నమెదడులో వచ్చే ఏటీఆర్‌టీనీ (మెదడులోని రాబ్డాయిడ్ కణితి) మెడుల్లోబ్లాస్టోమానూ (ఈ ప్రోటీన్ మామూలుగా నిలిచి ఉండే మరో కణితి) మామూలు స్లయిడు మీద విడదీయడం ఒక్కోసారి అనుభవజ్ఞులకూ కష్టమే, కానీ వాటి చికిత్సలు వేరు. ఐఎన్‌ఐ1 వేసిన స్లయిడులో ప్రోటీన్ ఉన్న కేంద్రకాలు గోధుమరంగులో, లేనివి నీలంగా కనిపిస్తాయి. దాన్ని మైక్రోస్కోపులో 40 రెట్ల ఆబ్జెక్టివ్ కింద పెడితే, ఏటీఆర్‌టీలో కణితి కేంద్రకాలన్నీ నీలంగా మిగిలిపోయి, వాటి మధ్యగా సాగే సన్నని రక్తనాళపు గోడ కణాలు మాత్రం ముదురు గోధుమరంగులో కనిపిస్తాయి. నా దృష్టిలో ఈ పరీక్ష విలువంతా ఆ రక్తనాళంలోనే ఉంది. అక్కడ రంగు పట్టిందంటే స్టెయిన్ పనిచేసినట్టే, కాబట్టి కణితిలో రంగు లేకపోవడాన్ని నమ్మవచ్చు.

ఒకసారి బయటి ల్యాబు నుంచి ఒక పాప రిపోర్టు "ఐఎన్‌ఐ1 లేదు" అని వచ్చింది. స్లయిడు తెప్పించి చూస్తే రక్తనాళాల కణాలు, లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) కూడా నీలంగానే ఉన్నాయి. కణజాలం చెడకుండా నిలిపే ఫార్మలిన్ ద్రవంలో అది సరిగా ఫిక్స్ కాలేదు. కణజాలాన్ని మైనంలో పొదిగిన బ్లాకులో బాగున్న చోటు నుంచి కొత్త సెక్షన్ కోసి మళ్ళీ వేయిస్తే కణితి కణాలన్నీ గోధుమరంగులోకి వచ్చాయి, అంటే ప్రోటీన్ పోనే లేదు. ఈలోపు ఆ తల్లిదండ్రులు అనుభవించిన వేదన నాకు ఇంకా గుర్తుంది. లోపం యాంటీబాడీది కాదు, చూసిన పద్ధతిది.

దీని పరిమితులు కూడా చెప్పాలి. మృదు కణజాలంలో వచ్చే ఎపిథెలియాయిడ్ సార్కోమా క్యాన్సర్లలో దాదాపు 90 శాతం ఈ ప్రోటీన్‌ను కోల్పోతాయి కనుక, రంగు పట్టకపోవడం ఒక్కటే కణితికి పేరు పెట్టదు. అరుదుగా కొన్ని రాబ్డాయిడ్ కణితుల్లో ఐఎన్‌ఐ1 నిక్షేపంగా ఉండి, అదే స్విచ్-స్నిఫ్ సముదాయంలోని బీఆర్‌జీ1 అనే ప్రోటీన్ పోతుంది. అనుమానం బలంగా ఉంటే ఆ స్టెయిన్ కూడా వేయించాలి. లోపం పుట్టుకతో వచ్చిందో కాదో ఈ స్లయిడు చెప్పలేదు, అందుకు రక్తంతో జన్యుపరీక్ష చేయించాల్సిందే.

మొత్తం మీద ఈ యాంటీబాడీని పూర్తి నమ్మకంతో సిఫారసు చేస్తాను. ల్యాబును ఎంచుకునేటప్పుడు మాత్రం, రక్తనాళాల కణాల్లో రంగు పట్టిందో లేదో రిపోర్టులో రాస్తారా అని ముందే అడగండి. రాయని చోట స్లయిడును వెనక్కి తెప్పించుకుని స్వయంగా చూడండి.