సీరియల్ లింకు రెండు చివర్లకీ వేర్వేరు సబ్‌నెట్లా, ఒకటే సబ్‌నెట్టా: ఏది మేలు?

విశాఖ ద్వారకానగర్లో సిస్కో కంపెనీ నెట్‌వర్క్ కోర్సు చేస్తున్న కుర్రాడొకడు మొన్న ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. నెట్‌వర్క్‌ని తెర మీదే కట్టి చూసే ప్యాకెట్ ట్రేసర్‌లో రెండు రౌటర్లు, మధ్యలో ఎర్ర గీత, ఒక చివర చిన్న గడియారం బొమ్మ. ఆ గీతే సీరియల్ లింకు, రెండు రౌటర్లని మాత్రమే కలిపే తీగ. ఒక రౌటర్‌కి ద్వారకానగర్ అనీ, రెండోదానికి గాజువాక అనీ పేర్లు పెట్టుకున్నాడు. సబ్‌నెట్ అంటే ఒకే గుంపుగా లెక్కేసే ఐపీ అడ్రసులు, స్లాష్ పక్క అంకె ఆ గుంపు సైజు. పింగ్ అంటే అవతలివాడు పలుకుతాడా అని చూసే పరీక్ష.

"మేస్టారూ, సీరియల్‌కి ఇటు 10.1.1.1, అటు 10.2.2.1 ఇచ్చేశానండి, రెండూ స్లాష్ 30. సబ్‌నెట్లు వేరే కదా, అయినా పీసీ నుంచి పీసీకి పింగ్ పోతోంది. ఇదేటండీ?"

పోతుంది మరి. ఈథర్నెట్, అంటే ఆఫీసుల్లో మామూలుగా కనిపించే నెట్‌వర్క్, సాయంత్రంపూట జగదాంబ జంక్షన్ లాంటిది. ఆ జనంలో మనకి కావలసినవాడు దొరకాలంటే పేరు పెట్టి కేకెయ్యాలి. ఐపీ అడ్రస్ పట్టుకుని మెషీన్‌ని వెతికే ఏఆర్‌పీ చేసే పని అదే. సీరియల్ లింకు కైలాసగిరి రోప్‌వే. ఎక్కినవాడు దిగేది అవతలి స్టేషన్లోనే, ఎక్కడ దిగాలో అడిగేవాడుండడు. అందుకే ద్వారకానగర్ రౌటర్లో ఐపీ రూట్ 192.168.20.0 255.255.255.0 సీరియల్ 0/0/0 అని ఒక్క లైను రాస్తే (192.168.20.0 గాజువాక పీసీలది) ప్యాకెట్ తీగలోకి దూకేస్తుంది. గాజువాక నుంచి ద్వారకానగర్ పీసీలున్న 192.168.10.0కి అలాంటిదే ఇంకో లైను. మధ్యలో ఉన్న అడ్రసులు ఏమిటన్నది పీసీలకి పట్టదు.

"ఇప్పుడు పీసీ నుంచి కాదు, రౌటర్ నుంచే గాజువాక పీసీకి పింగ్ కొట్టు" అన్నాను. కొట్టాడు. వరసగా అయిదు చుక్కలు, అంటే ఒక్కదానికీ జవాబు రాలేదు.

రౌటర్ నుంచి బయల్దేరిన పింగ్ మీద పంపినవాడి చిరునామా 10.1.1.1. గాజువాక రౌటర్‌కి 192.168.10.0 ఎటుందో తెలుసు గానీ 10.1.1.0 ఎటుందో తెలీదు. వెళ్లిన ప్యాకెట్ చక్కగా చేరింది, జవాబుకే దారి లేదు. అక్కడ ఇంకో రూట్ రాశాక చుక్కలు పోయి, జవాబు అందిందని చెప్పే ఆశ్చర్యార్థకాలు వచ్చాయి. వేర్వేరు సబ్‌నెట్ల పద్ధతిలో నాకు నచ్చనిది ఇదే. లింకు బాగానే ఉంటుంది, వాడేవాళ్లకి పని అవుతూనే ఉంటుంది, పరీక్షించబోయినవాడికి మాత్రం చచ్చిపోయినట్టు కనిపిస్తుంది.

వేర్వేరు సబ్‌నెట్లే ఉండి తీరాలంటే హెచ్‌డీఎల్‌సీ కన్నా పీపీపీ మేలు. రెండూ సీరియల్ తీగ మీద ప్యాకెట్‌ని చుట్టి పంపే పద్ధతులే. సిస్కో సీరియల్ పోర్టు మామూలుగా తన సొంత హెచ్‌డీఎల్‌సీ మీద ఉంటుంది, అది అవతలివాడి అడ్రస్ అడగదు. రెండు చివర్లా ఎన్‌క్యాప్సులేషన్ పీపీపీ అని కొడితే లింకు లేచేటప్పుడే రెండు రౌటర్లూ అడ్రసులు చెప్పుకుంటాయి, అవతలి అడ్రస్‌కి స్లాష్ 32 రూటు దానంతటదే టేబుల్లో చేరిపోతుంది. దూరపు రౌటర్లోకి టెల్నెట్‌లో, అంటే ఆ లైను మీదే లాగిన్ అయి, వెళ్లి మారుస్తుంటే ముందు అటువైపు మార్చండి. లైను తెగుతుంది, కంగారుపడకండి, ఇటువైపు కూడా మార్చగానే లేస్తుంది.

చేత్తో రాసే స్టాటిక్ రూట్ల వరకూ ఇలా నెట్టుకురావచ్చు. రౌటర్లే ఒకదానికొకటి దారులు చెప్పుకునే రౌటింగ్ ప్రోటోకాల్ (ఈఐజీఆర్‌పీ, రిప్, ఓఎస్‌పీఎఫ్ లాంటివి) పెట్టారా, గొడవ మొదలు. ఈఐజీఆర్‌పీ 'నాట్ ఆన్ కామన్ సబ్‌నెట్' అని లాగ్ నింపేస్తుంది, పొరుగు సంబంధం కలపదు. రిప్ అవతలి అప్‌డేట్లని పారేస్తుంది. నో వాలిడేట్ అప్‌డేట్ సోర్స్ అని చెప్తే గానీ ఒప్పుకోదు.

ఇక ఒకటే సబ్‌నెట్. స్లాష్ 30 అంటే నాలుగు అడ్రసుల్లో రెండు వాడకానికి, రెండు వృథా. స్లాష్ 31లో ఉండేవే రెండు అడ్రసులు, ఆ వృథా లేదు. రెండే చివర్లుండే పాయింట్ టు పాయింట్ లింకులకి దాన్ని వాడొచ్చని 2000లోనే ఆర్‌ఎఫ్‌సీ 3021 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం వచ్చింది. 256 అడ్రసులుండే ఒక స్లాష్ 24ని కోస్తే స్లాష్ 30లు 64, స్లాష్ 31లు 128. పబ్లిక్ అడ్రసులైతే ఈ లెక్క చూసుకోవాలి. 10తో మొదలయ్యే ప్రైవేటు అడ్రసులకి ఇంత పిసినారితనం దేనికి?

ఇంకో దారి ఐపీ అన్‌నంబర్డ్. సీరియల్‌కి సొంత అడ్రస్ ఉండదు, తీగ లేకుండా రౌటర్ లోపలే ఉండే ఊహా పోర్టు లూప్‌బ్యాక్ 0 నుంచి అరువు తెచ్చుకుంటుంది. ఈథర్నెట్ పోర్టు నుంచి అరువు తెస్తే ఆ పోర్టు పడిపోయిన రోజు సీరియల్ కూడా మూలపడుతుంది, అందుకే లూప్‌బ్యాక్. పెడితే రెండు వైపులా పెట్టాలి. ఒకవైపు అన్‌నంబర్డ్, ఒకవైపు అడ్రస్ ఉంటే ఓఎస్‌పీఎఫ్ డేటాబేస్‌లో రూట్లు కనిపిస్తాయి, రౌటింగ్ టేబుల్లోకి మాత్రం రావు. అడ్రస్ కరువున్నచోట వేర్వేరు సబ్‌నెట్ల కన్నా నా ఓటు దీనికే. కాకపోతే ఫలానా లింకుకి పింగ్ కొడదామంటే దానికంటూ అడ్రసే ఉండదు.

మొత్తానికి నేను స్లాష్ 30 మనిషిని. కారణం పాత దెబ్బ. ఓసారి సిరిపురంలో కూర్చుని గాజువాక బ్రాంచి రౌటర్ సీరియల్ అడ్రస్ మారుస్తూ 10.1.1.2 బదులు 10.1.2.2 కొట్టాను. టెల్నెట్ తెగింది. తెగడం మామూలే కదా అని ఇటు 10.1.1.1 పెట్టాను. లైన్ అప్, ప్రోటోకాల్ అప్, పింగ్ కొడితే చుక్కలు. రాత్రి పదకొండున్నర. ఎన్ఏడీ జంక్షన్ దాటి అంతదూరం స్కూటర్ మీద వెళ్లాలి, వెళ్లినా బ్రాంచికి తాళం. అరగంట కేబుల్నీ మోడెమ్‌నీ తిట్టుకున్నాక తప్పు నా వేళ్లదేనని తోచింది. ఇటువైపు కూడా 10.1.2.1 అని అదే తప్పు పెట్టాను. పింగ్ వచ్చింది. లోపలికి వెళ్లి అడ్రస్ దిద్ది, బయటికొచ్చి ఇటు దిద్దాను. రెండు చివర్లూ ఒకటే సబ్‌నెట్లో ఉండాలన్న నియమం పెట్టుకోబట్టి అది తప్పని తెలిసింది. వేర్వేరుగా పెట్టే అలవాటుంటే 10.1.2.2 కూడా కావాలని పెట్టిందే అనుకుని పొద్దున్నదాకా కేబుల్నే తిడుతూ ఉండేవాణ్ణి.

కుర్రాడికి ఇంకో మాట కూడా చెప్పాను. రేపు ఆ సీరియల్ తీసేసి ఫైబర్ లాగి చివర ఈథర్నెట్ పోర్టు ఇచ్చారనుకో. స్లాష్ 30 అయితే అడ్రసుల్ని అలాగే కొత్త పోర్టు మీద పెడితే చాలు. నీ 10.1.1.1, 10.2.2.1 ఆ రోజు జగదాంబ జంక్షన్లో నిలబడి, అక్కడ లేనివాణ్ణి పేరు పెట్టి పిలుస్తూ ఉంటాయి.