ఐ-సపోర్ట్ కోర్సు: రెండేళ్లు వాడిన కోడలి మాట

మా అత్తమ్మ మాటలు తడబడుతుంటే మొదట చూసిన డాక్టరు "వయసు మీద పడింది, మతిమరుపు మామూలే" అని బలం గోళీలు రాసిచ్చాడు. ఆర్నెల్లు అట్లే గడిచాయి. తర్వాత హైదరాబాద్‌లో పరీక్షలు చేసి అల్జీమర్స్ అన్నారు. మందుల చీటీ చేతిలో పెట్టారు గానీ, మిర్యాలగూడకు తిరిగొచ్చాక ఇంట్లో ఆమెతో ఎట్లా మసలుకోవాలో ఎవరూ చెప్పలేదు.

అప్పుడు దొరికింది ఐ-సపోర్ట్. డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు ఉన్నవాళ్లను ఇంట్లో చూసుకునేవాళ్ల కోసం పెట్టిన కోర్సు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తెచ్చింది, ఉచితం. 5 మాడ్యూళ్లు, 23 పాఠాలు. నేను చదివింది ఇంగ్లిష్‌లో. భాష తేలికే, అయినా అత్తమ్మ పడుకున్నాక పాఠానికి రెండు రాత్రులు పట్టేది.

నాకు పనికొచ్చింది ముఖ్యంగా అయిదో మాడ్యూల్, జబ్బు మనిషి ప్రవర్తనలో మార్పుల గురించి. అత్తమ్మ వెండి కడియాలు కనబడలేదు. "నువ్వే తీసినవ్, మీ అమ్మగారింటికి పంపినవ్" అని వాకిట్లో నిలబడి అరిచింది. "నేనెందుకు తీస్తా?" అని నేనూ గొంతు పెంచాను. ఎదురింటివాళ్లు గోడ మీంచి చూస్తున్నారు. ఆ రాత్రి చదివిన పాఠంలో సరిగ్గా ఇట్లాంటిదే ఉంది: వాదించొద్దు, పోయిందన్న బాధను ఒప్పుకొని కలిసి వెతకమని. మళ్లీ అడిగినప్పుడు "అయ్యో, పదండి అత్తమ్మా, చూద్దాం" అన్నాను. బీరువా, బియ్యం డబ్బా, దిండు గలీబులు. చివరికి కందిపప్పు డబ్బాలో అడుగున దొరికాయి. ఆమే దాచి మరిచిపోయింది. దొరికినప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

గోడ మీంచి చూసినవాళ్లకు ఏం చెప్పాలో మాత్రం ఆ పాఠంలో లేదు. అత్త నోట దొంగతనం మాట వస్తే కోడలికి వీధిలో ఏమవుతుందో రాసినవాళ్లకు తట్టినట్టు లేదు. "గాలి సోకింది, తాయెత్తు కట్టించు" అనే చుట్టాలకూ జవాబు లేదు. మన గురించి మనం చూసుకోవడం మీద మూడో మాడ్యూల్ ఉంది. అందులో చెప్పినట్టు కళ్లు మూసి ఊపిరి తీస్తుంటే కుక్కర్ ఆరో విజిల్ వేసింది.

టాస్మేనియా యూనివర్సిటీ వాళ్ల 'అండర్‌స్టాండింగ్ డిమెన్షియా' కూడా చేశాను. అదీ ఉచితమే. మెదడులో ఏం జరుగుతుందో తెలియాలంటే దాన్ని మించింది నాకు దొరకలేదు. కానీ సాయంత్రం ఆరింటికి అత్తమ్మ చీరలు మూటగట్టి "ఇంటికి పోవాలె, బర్రెలకు కుడితి పెట్టాలె" అని గేటు ఊపుతుంటే, మెదడులో జ్ఞాపకాలు చూసుకునే ఆ హిప్పోకాంపస్ గుర్తురాదు. అప్పుడు చిక్కుడుకాయల చాట ముందర పెడతాను. ఈనెలు తీస్తూ అరగంట కూర్చుంటుంది.

పనిని నలుగురికీ పంచమని ఐ-సపోర్ట్‌లో ఒక పాఠం ఉంది. "ఎప్పుడైనా వచ్చి చూసుకోండి" అంటే ఎవరూ రారు. అందుకే ఆడబిడ్డను దసరాకు పది రోజులు రమ్మని అడిగాను. మాన్యువల్ పీడీఎఫ్ ఉచితంగానే దొరుకుతుంది. జిరాక్స్ షాపులో అయిదో మాడ్యూల్ ఒక్కటే ప్రింట్ తీయించి, పక్కన పెన్నుతో తెలుగులో రాసిచ్చి, నేను మా అమ్మగారింటికి పోయాను. "మా అమ్మ అట్లా అనదు వదినా" అని అప్పటిదాకా అన్న మనిషి మూడో రోజు ఫోన్ చేసింది.

"వదినా, నా ముక్కుపుడక నువ్వే తీసినవ్ అంటుంది నన్ను. ఏ పేజీలో ఉంది?"