వరండా స్తంభం: నిండు దుంగా, పలకల కూర్పా, ఫైబర్‌గ్లాసా? ఏది మేలు?

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 1860లో మొదలైన ఎ.ఎఫ్. ష్వెర్డ్ కంపెనీకి పేరు తెచ్చింది పలకలు అతికి చేసిన గ్రీకు, రోమన్ తరహా చెక్క స్తంభాలే. షికాగోలో హార్ట్‌మన్-శాండర్స్ కంపెనీ ఇలాంటివే ‘కోల్స్ లాక్ జాయింట్’ పేరుతో అమ్మేది. పెద్ద మాను దొరికే దేశంలో దుంగను నేరుగా చెక్కకుండా, ఇంత కష్టపడి పలకలు అతకడం ఎందుకు?

ఎందుకంటే నిండు దుంగ బీటలు వారుతుంది. చెక్క ఆరేటప్పుడు మాను అడ్డకోతలో కనిపించే వలయాల వెంట కుంచించుకుపోయేది, నడిమి వైపు కుంచించుకుపోయేదానికి దాదాపు రెట్టింపు. ఆ లాగుడుకి అంచు నుంచి లోపలికి చీలిక పడుతుంది. మధ్యలో నిలువునా తొలిస్తే కొంత నయం, అంతే. మన మండువా ఇళ్లలో నిండు టేకు స్తంభాలు నిలిచాయంటే టేకులో నూనె ఉంది, ఆ చెక్క కదలిక తక్కువ. పైన్‌కి ఆ భాగ్యం లేదు.

పలకల పద్ధతిలో ఒక్కో పలక అంచును ఏటవాలుగా కోసి, గాడిలో నాలుక కూర్చి, జిగురు పెట్టి గుండ్రంగా బిగిస్తారు. లోపల బోలుగా ఉంటుంది. తర్వాత లేత్ (తిప్పుతూ చెక్కే యంత్రం) మీద తిప్పుతారు. సాధారణంగా కింది మూడో వంతు తిన్నగా ఉంచి, అక్కడి నుంచి పైకి మెల్లగా సన్నం చేస్తారు. పదహారో శతాబ్దపు ఇటలీ వాస్తుశిల్పి విన్యోలా లెక్కలో, గ్రీకు శైలుల్లో ఒకటైన డోరిక్ స్తంభం ఎత్తు దాని అడుగు భాగపు వ్యాసానికి 8 రెట్లు, మరో శైలి కొరింథియన్‌ది 10 రెట్లు. ఈ కొలతలు తప్పితే ఎంత ఖరీదైన స్తంభమైనా పైపులాగే కనిపిస్తుంది.

పలకల స్తంభానికి శత్రువు నీరు. బోలులో గాలి ఆడకపోతే తేమ నిలిచి అడుగు నుంచి పుచ్చిపోతుంది. అందుకే పీఠం కింద గాలికి దారి, పైన రేకు కప్పు తప్పనిసరి. రంగు కూడా ఎప్పటికప్పుడు వేయించాలి.

ఫైబర్‌గ్లాస్‌కి చెద, పుచ్చు భయం లేదు. తడి నేల, రంగు వేయించే ఓపిక లేని ఇల్లు అయితే అదే తీసుకోండి. కానీ పాత ఇంట్లో ఒక స్తంభం మార్చాల్సి వస్తే నా ఓటు పలకల కూర్పుకే. పక్క స్తంభం వంపుకి సరిగ్గా సరిపోయేలా తిప్పించుకోవచ్చు, పాడైన చోట కోసి కొత్త ముక్క అతికించవచ్చు. వాన చిమ్మే చోటైతే స్తంభం చెక్కతో, పీఠం మాత్రం ఫైబర్‌గ్లాస్‌తో చేయించుకునే వీలూ ఉంది.