బౌలింగ్ బంతికి స్పిరిట్ తుడుపు మేలా, వేడినీళ్ల స్నానం మేలా?

విశాఖపట్నంలో సరదాకు బౌలింగ్, అంటే బరువైన బంతిని దొర్లించి చివర నిలబెట్టిన పిన్నులను పడగొట్టే ఆట, ఆడేవారు సాధారణంగా అక్కడ ఉంచిన బంతులతోనే ఆడి వస్తారు కాబట్టి, శుభ్రం చేయడమనే చింత వారికి ఉండదు. సొంతంగా బంతి కొనుక్కున్నవారికి మాత్రం కొన్నాళ్లకే ఒక అనుమానం మొదలవుతుంది: మొదట్లో పిన్నుల దగ్గర చక్కగా వంపు తిరిగిన బంతి ఇప్పుడు నేరుగా ఎందుకు పోతోంది?

కారణం నూనె. బంతి దొర్లే 60 అడుగుల బాటలో (లేన్‌లో) మొదటి 40 అడుగుల దాకా పైభాగం అరిగిపోకుండా, ఆటకు తగినట్టు సన్నటి నూనె పొర పూస్తారు. రియాక్టివ్ రెజిన్ (ఒక రకం ప్లాస్టిక్) బంతుల పై పొరలో కంటికి కనిపించని రంధ్రాలు ఉండి, దొర్లిన ప్రతిసారీ ఆ నూనెను కొంత పీల్చుకుంటాయి. అందువల్ల లేన్‌ను పట్టుకునే గుణం క్రమంగా తగ్గుతుంది. పాలిస్టర్ ప్లాస్టిక్ బంతి దాదాపుగా పీల్చుకోదు కనుక దానికి పొడిగుడ్డ, అప్పుడప్పుడు కాస్త స్పిరిట్ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) చాలు. స్నానం వృథా శ్రమ.

రెజిన్ బంతి విషయంలోనే అసలు పోలిక. మందుల దుకాణంలో దొరికే ఈ ఆల్కహాల్‌ను మైక్రోఫైబర్ గుడ్డపై వేసి ఆట ముగిసిన వెంటనే, బంతి సంచిలోకి వెళ్లకముందే తుడిస్తే, ఇంకా పైనే ఉన్న నూనె లోపలికి ఇంకకుండా వచ్చేస్తుంది. ఇంటికి చేరాక రేపు చూద్దామనుకుంటే సగం ఫలితం పోయినట్టే. అయితే ఇప్పటికే లోతుగా దిగిన నూనెను ఆల్కహాల్ బయటికి లాగలేదు.

ఆ పని వేడినీళ్లు చేస్తాయి. వేలి రంధ్రాలను నీరు చొరని టేపుతో మూసి, 60 డిగ్రీల సెల్సియస్‌కు మించని నీళ్లలో పాత్రలు తోమే ద్రవం కొద్దిగా కలిపి, 20 నిమిషాలు ఉంచితే నూనె చుక్కలుగా పైకి తేలుతుంది. 12 పౌండ్లు, అంతకు మించిన బరువున్న బంతి మునుగుతుంది. 10 పౌండ్లది తేలుతుంది, కనుక దాన్ని తిప్పుతూ ఉండాలి. బకెట్‌లోని బంతిపై మరిగే నీళ్లు కుమ్మరించడం మాత్రం కూడదు: లోపలి గుండు, పై పొర ఒకే తీరున వ్యాకోచించక పగుళ్లు రావచ్చు. వంటింటి అవెన్‌లో పెట్టడం, వడియాలతో పాటు మేడ మీద ఎండబెట్టడం, మే నెలలో బీచ్ రోడ్డున నిలిపిన కారు డిక్కీలో వదిలేయడం కూడా ఈ కారణంతోనే ప్రమాదకరం.

నా తీర్పు స్పిరిట్ తుడుపు వైపే, ఎందుకంటే అది ప్రతి ఆటకూ వీలవుతుంది, ఖర్చూ శ్రమా తక్కువ. స్నానం 50, 60 ఆటలకు ఒకసారి, వంపు తగ్గిందని గమనించినప్పుడు సరిపోతుంది. తుడుపు మానేసి స్నానంపైనే ఆధారపడేవారు నూనెను లోపలికి దిగనిచ్చి, తర్వాత బయటికి తీయడానికి పాట్లు పడుతున్నారన్నమాట. స్నానానికి మన ఊళ్లో మరో చిక్కు కూడా ఉంది: సముద్రపు తేమ వల్ల టేపు సందుల్లోంచి రంధ్రాల్లోకి చేరిన నీరు త్వరగా ఆరదు, వేలి గ్రిప్‌ల (రంధ్రాల్లో అతికించే రబ్బరు తొడుగుల) జిగురు ఊడిపోవచ్చు. అందుకే టేపు తీసిన వెంటనే రంధ్రాలను పొడిగుడ్డతో ఒత్తి, బంతిని ఒక రాత్రి ఫ్యాను కింద ఉంచి ఆ తర్వాతే సంచిలో పెట్టాలి.