ఎపాక్సీ ప్యాడిల్‌బోర్డు, దాని పల్చటి పై పొర

ఈ బోర్డు మీద నాకున్న కోపమంతా దాని పై పొర మీదే. పొడవెంత, వెడల్పెంత, ఎన్ని కిలోల మనిషిని మోస్తుంది అనేవి అమ్మేవాళ్లే చెప్తారు, వాటి జోలికి నేను పోను. నీటి మీద దీని నడకకు వంక పెట్టలేను. ఒడిశా తీరంలోని గోపాలపూర్ బ్యాక్‌వాటర్‌లో పొద్దున్నే గాలి లేవకముందు దీని మీద నిలబడి తెడ్డు వేస్తే తిన్నగా, చప్పుడు లేకుండా సాగిపోతుంది. కానీ లోపలున్నది థర్మోకోల్. దాని మీద ఫైబర్ గుడ్డ పరిచి, గట్టిపడే జిగురులాంటి ఎపాక్సీతో అంటించిన పొర మందం మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. బోర్డును ఒక్కడినే చంకలో పెట్టుకుని మోయగలుగుతున్నానంటే కారణం ఆ పల్చదనమే. నన్ను వేసవంతా నీటికి దూరంగా కూర్చోబెట్టిందీ అదే.

విశాఖలో ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. కొత్తలో ఎవరడిగినా “గట్టి సరుకు, కళ్లు మూసుకుని కొనొచ్చు” అని చెప్పేవాణ్ని. ఇప్పుడైతే ఇలా చెప్తాను: నిలబడ్డ మనిషి బరువును ఇది హాయిగా మోస్తుంది, మొనదేలిన దెబ్బను మాత్రం ఓర్చుకోదు.

ఆ దెబ్బ సోనాపూర్ దగ్గర, బాహుదా మొగలో తగిలింది. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే బాహుదా అక్కడే సముద్రంలో కలుస్తుంది. పాటు సమయం, నీరు దిగిపోతోంది. వల కట్టడానికి పాతి, పైన విరిగిపోయిన కర్ర ఒకటి నీటి అడుగున ఉంది. పైకి ఏమీ కనపడలేదు. బోర్డు అడుగున అంచుకు దగ్గర్లో టక్ మని శబ్దం వచ్చింది, అంతే. ఒడ్డుకు వచ్చి తిరగేసి చూస్తే జానెడు పొడవు చీలిక. మధ్యలో పొర లోపలికి నొక్కుకుపోయి తెల్లటి థర్మోకోల్ కనిపిస్తోంది. చీలిక చివర్ల నుంచి వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు బయల్దేరాయి.

బాగుచేయించాలా వద్దా అన్న టెన్షన్ అప్పుడు మొదలైంది. ఎవరిని అడిగినా ముందు చీలిక ఎంత పొడవుందని అడుగుతారు. నా అనుభవంలో పొడవుతో తేలేది చాలా తక్కువ. చూడాల్సినవి రెండు: లోపలికి నీరు ఎంత వెళ్లింది, దెబ్బ తగిలిన చోటు బరువు మోసే చోటా కాదా. ఫిన్, అంటే బోర్డు అడుగున ఉండే రెక్క, దాన్ని బిగించే పెట్టె చుట్టూ పగిలినా, నిలబడే చోట ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా పగిలినా నేను డబ్బు పెట్టేవాణ్ని కాదు. ఫిన్‌ను నీరు ప్రతి క్షణం పక్కకు తోస్తూనే ఉంటుంది, అక్కడ అతుకు నిలవాలంటే పెట్టెను మొత్తం పీకి మళ్లీ కూర్చోబెట్టాలి. అడ్డంగా విరిగిందంటే వెన్ను పోయినట్టే, ఒడ్డుకు దూరంగా ఉన్నప్పుడు దాన్ని నమ్మలేం. నా చీలిక నిలువుగా ఉంది, కాళ్లు పెట్టే చోటుకు దూరంగా, అంచు పక్కన ఉంది. కాబట్టి ఆశ ఉంది.

సన్నటి గీతల సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చాలామంది వాటిని గీతలే కదా అని వదిలేస్తారు. ఎండలో వేడెక్కిన బోర్డు లోపల గాలి వ్యాకోచిస్తుంది. అలా వేడిగా ఉన్నదాన్ని తెచ్చి చల్లటి నీళ్లలో పెడితే ఆ గాలి ఒక్కసారిగా ముడుచుకుని, ఏ సందు దొరికితే ఆ సందులోంచి నీటిని లోపలికి లాగుతుంది. వెంట్రుకంత గీత చాలు. ఏ గీత పెయింట్ వరకే ఉంది, ఏది లోపలి దాకా వెళ్లింది అని తెలుసుకోవడానికి సబ్బు నీళ్లు చాలు. గాలి వదిలే మర బిగించి, బోర్డును కాసేపు ఎండలో పెట్టి, గీతల మీద నురగ రాస్తే లోపలి దాకా వెళ్లిన చోట బుడగలు లేస్తాయి. కాసేపే పెట్టాలి. ఎక్కువసేపు ఉంచితే లోపలి ఒత్తిడికి పొర థర్మోకోల్ నుంచి ఊడి ఉబ్బుతుంది, అప్పుడు చిన్న పని పెద్దదవుతుంది. నా బోర్డులో రెండు గీతలు బుడగలు పోశాయి, మిగతావి పై పై గీతలే.

నీరు ఎంత పట్టిందో బరువు మెషిన్ చెప్పింది. బోర్డు పట్టుకుని నిలబడి, వచ్చిన లెక్కలోంచి నా బరువు తీసేస్తే మామూలు కంటే కిలోకు పైగా ఎక్కువ తూగింది. అది ఉప్పు నీరు. ఉప్పు లోపలుంటే గాలిలో తేమను పట్టుకుని ఎప్పటికీ ఆరనివ్వదు, అందుకని ముందు చీలికలోకి మంచి నీళ్లు పోసి కడిగి, తర్వాత చీలిక కిందికి వచ్చేలా నీడలో నిలబెట్టాను. అది మే నెల. బరంపురం ఎండల్లో కూడా, ఫ్యాన్ పెట్టినా, ఆరడానికి వారాలు పట్టింది. అదే వానాకాలంలో అయితే ఆరబెట్టే చోటు లేక వదిలేసేవాణ్నేమో. బరువు మెషిన్ ముల్లు పాత అంకె దగ్గరికి వచ్చాకే బాగుచేయించే మాట ఆలోచించాను. లోపల తడి ఉండగా పైన అతికిస్తే ఆ అతుకు నిలవదు.

గోపాలపూర్‌లో ఫైబర్ తెప్పలు బాగుచేసే మన తెలుగు పెద్దాయన ఒకరున్నారు. నోలియాల వాడలోనే, అంటే ఇక్కడి తెలుగు జాలర్ల వాడలోనే పుట్టి పెరిగిన మనిషి. నేను వెళ్లేసరికి ఆయనకు తల ఎత్తే తీరిక లేదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకు వేట నిషేధం, ఒడ్డుకెక్కిన పడవలకు పని చేయించుకునే కాలం కూడా అదే. నా బోర్డు వరసలో ఆగింది. వేటకు వెళ్లే పడవను పక్కన పెట్టి నాది ముందు చేయమనడం న్యాయం కాదు, నేను అడగనూ లేదు.

నా వంతు వచ్చిన రోజు జరిగిన సంగతి చెప్పడానికే నిజానికి ఇదంతా రాస్తున్నాను. ఆయన బోర్డును అటూ ఇటూ తిప్పి చూసి, గోటితో థర్మోకోల్ గిల్లి, “లోన ఉన్నది సేపల పెట్టె సరుకే కదా బాబూ?” అన్నారు. అవునన్నాను. పక్కనే ఐసు చేపలు పంపే పెట్టె మూత ఒకటి పడి ఉంది. తన డబ్బాలోని మందు, అంటే తెప్పలకు వాడే పాలియెస్టర్ రెజిన్, పుల్లతో తీసి ఆ మూత మీద ఒక చుక్క వేశారు. ఇద్దరం వంగి చూస్తున్నాం. కాసేపటికి ఆ చుక్క కింద థర్మోకోల్ వేడి పెనం మీద వెన్నపూసలా కరిగి గుంట పడిపోయింది. “సూసినావా? మన మందు దీన్ని తినేస్తాది. ఇది నేను ఏస్తే నీ బోర్డు డొల్లయిపోద్ది” అని డబ్బా మూత పెట్టేశారు.

ఆ రెజిన్‌లో స్టైరీన్ ఉంటుంది, థర్మోకోల్ దానిలో కరిగిపోతుంది. పెట్రోలు, థిన్నరు తగిలినా అంతే. ఎపాక్సీకి ఆ గుణం లేదు. పైగా గట్టిపడిన ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా పట్టదు, చీలిక లోతుగా లేకపోయినా అతుకు కొన్నాళ్లకు రేకులా లేచిపోయేది. ఈ రసాయనాల పేర్లతో ఆయనకు పని లేకుండానే, ఒక చుక్కతో తేల్చేశారు. చేతికొచ్చిన పనిని వద్దని, కారణం చూపించి మరీ వెనక్కి పంపే మనిషిని నేను ఇదివరకు చూడలేదు. ఆ రోజు నుంచి నాకు ఆయనంటే చెప్పలేనంత గౌరవం.

“మందు మారితే చేస్తారా బాబాయ్?” అని అడిగాను. “మందు నువ్వు తే, సెయ్యి నాది” అన్నారు.

ఎపాక్సీ, దాన్ని గట్టిపరిచే హార్డెనర్, నేసిన ఫైబర్ గుడ్డ, నింపడానికి మైక్రో బెలూన్స్ అనే తేలిక పొడి తెప్పించాను. తెప్పలకు వాడే మ్యాట్‌ను కావాలనే వద్దన్నాను. ముక్కలు ముక్కలుగా కత్తిరించిన ఫైబర్‌ను పట్టి ఉంచే జిగురు స్టైరీన్‌లో కరిగేలా చేసింది, ఎపాక్సీలో అది సరిగా తడవదు. ఇంకో తేడా దగ్గర మాత్రం ఆయనకూ నాకూ కాసేపు వాదన జరిగింది. పాలియెస్టర్‌కు కేటలిస్ట్ కొంచెం ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుంది, ఆయన చేతికి అలవాటైన పద్ధతి అదే. ఎపాక్సీలో హార్డెనర్ ఎక్కువైతే త్వరపడకపోగా జిగటగా ఉండిపోతుంది. డబ్బా మీద రాసిన పాళ్లే వేయాలి. ఇంట్లోంచి వంటింటి డిజిటల్ త్రాసు తెచ్చి తూచి ఇచ్చాక ఒప్పుకున్నారు.

తర్వాత పనంతా ఆయన చేతిదే. ఊడిన పొరను బ్లేడుతో కోసి తీసేశారు. చీలిక చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పున 80 నంబరు గరుకు కాగితంతో రుద్దారు. కలిపిన ఎపాక్సీని కప్పులో ఉంచకుండా వెడల్పాటి పళ్లెంలో పోశారు, ఎందుకంటే ముద్దగా ఉంటే గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి అదే మరిగిపోయి థర్మోకోల్‌ను కూడా కరిగిస్తుంది. గుంటను ఒకేసారి నింపకుండా కొంచెం కొంచెంగా నింపారు. దాని మీద గుడ్డ రెండు ముక్కలు, రెండోది మొదటిదాని కంటే పెద్దది. పైన పాలిథిన్ కాగితం పరిచి అరచేత్తో బుడగలు తోసేశారు. ఆ తోసే పనిలో ఆయన చేతిని నేను ఎంత ప్రయత్నించినా అందుకోలేను. మర్నాడు కాగితం లాగితే అద్దంలా వచ్చింది. 120, ఆ తర్వాత 220 కాగితం పట్టి తెల్ల పెయింట్ వేశాం. పెయింట్ అందం కోసం కాదు, ఎండ తగిలితే ఎపాక్సీ పచ్చబడి పెళుసెక్కుతుంది.

నీళ్లలో మొదటి పరీక్ష ఛత్రపురం పక్కనున్న తంపర సరస్సులో చేశాను. ఉప్పు లేని నీరు, అల లేని నీరు, ఒడ్డు పక్కనే. తర్వాత గోపాలపూర్. రెండు వానాకాలాలు గడిచాయి, అతుకు దగ్గర ఒక్క బుడగ లేదు, బరువు పెరగలేదు. ఖర్చంతా కలిపినా కొత్త బోర్డు ధరలో పదో వంతు కాలేదు. మిగిలిన ఎపాక్సీతో ఆయన ఇద్దరి ఐసు పెట్టెలు బాగుచేసి ఇచ్చారట.

ఇంత చెప్పాక బోర్డును బేషరతుగా మెచ్చుకోవాలని ఉంది గానీ, ఈ మధ్య దాని పై పొర మళ్లీ విసిగిస్తోంది. మడమలు ఆనే చోట రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దగా మెత్తబడింది. బొటనవేలితో నొక్కితే లోపలికి వెళ్లి తిరిగి లేస్తుంది. చీలిక లేదు, నీరు లేదు. రోజూ ఒకేచోట బరువు పడి పొర థర్మోకోల్ నుంచి విడిపోతోంది. బోర్డు తయారుచేసేవాళ్లు నిలబడే చోట ఇంకో పొర గుడ్డ వేసి ఉంటే రెండు వందల గ్రాములు పెరిగేదేమో, నాకీ బాధ ఉండేది కాదు. దీన్ని బాగుచేయాలంటే చిన్న రంధ్రాలు పెట్టి సిరంజితో ఎపాక్సీ ఎక్కించి పైన బరువు పెట్టడం ఒక దారి. పొరను కోసి తీసి కొత్తది వేయడం రెండో దారి. మొదటి దారిలో ఎపాక్సీ లోపల ఎంత దూరం పాకిందో కనపడదు. రెండోది బరువు పెంచుతుంది, బాగున్న పొరను కూడా కోయిస్తుంది. పెద్దాయన కూడా ఇప్పుడప్పుడే కత్తి పెట్టొద్దనే అన్నారు.

కొనొచ్చా అని అడిగేవాళ్లకు నా పరిస్థితి చెప్పి ఆగుతాను. నేను బరంపురంలో ఉంటాను, గోపాలపూర్ నాకు సుమారు 15 కిలోమీటర్లు. అక్కడ ఫైబర్ పని తెలిసిన చేతులున్నాయి, నాతో తెలుగులో మాట్లాడి వాదించే ఓపిక ఉన్న మనిషి ఉన్నాడు. నేను సన్నగా ఉంటాను, అలల్లోకి పోను, నీటి అడుగున కర్రలున్న మొగలకు పాటు వేళ ఇప్పుడు వెళ్లడం లేదు. ఇందులో ఏ ఒక్కటి మారినా లెక్క మారుతుంది. రాయగడలోనో జయపురంలోనో ఉండి జలాశయాల్లో తిరిగేవాళ్లకు గాలి నింపే బోర్డే మేలు కావచ్చు. దానికి చిల్లు పడితే పీవీసీ ముక్క, జిగురు చాలు. అతుకుల దగ్గర ఊడితే మాత్రం దానికీ తంటానే.

మెత్తబడిన చోటు చుట్టూ నెలకోసారి పెన్సిల్ గీత గీసి పక్కన తేదీ వేస్తున్నాను. గీత దాటి పెరిగితే వచ్చే వేట నిషేధం మొదలయ్యేలోపే, పెద్దాయనకు తీరిక ఉన్నప్పుడు పొర కోయిస్తాను. పెరగకపోతే ఇలాగే వాడుకుంటాను.