రెండు భాషల బార్‌క్యాంప్‌లో నోట్సుకు ఈథర్‌ప్యాడ్ ఎంతవరకు పనికొస్తుంది?

బార్‌క్యాంప్ అంటే వచ్చినవాళ్ళే సెషన్లు నడిపే సభ. అక్కడ ముందే అచ్చేసిన పట్టిక ఉండదు. ఏ గదిలో ఏం మాట్లాడాలో ఆ ఉదయం వచ్చినవాళ్ళే గోడ మీద కార్డులు అంటించి తేల్చుకుంటారు. ఒకేసారి నాలుగైదు గదుల్లో సెషన్లు నడుస్తాయి కాబట్టి, నోట్సు లేకపోతే పక్క గదిలో మాట అక్కడే పోతుంది. రెండు భాషల ఊళ్ళో అయితే గదిలో కూర్చున్నవాళ్ళకే కొంత అందకుండా పోతుంది. ఈ అవసరానికి ఈథర్‌ప్యాడ్ బాగా సరిపోతుంది. ఒకే పేజీలో అందరూ ఒకేసారి రాయగలిగే వెబ్ ఎడిటర్ అది. అలాంటి ఒక్కో పేజీని ప్యాడ్ అంటారు. ఖాతా అక్కర్లేదు, లింకు తెరిచి టైపు చేయడమే. ఓపెన్ సోర్స్ కనుక సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు.

ముఖ్యమైన మాట ఒకటి: భాషకొక ప్యాడ్ పెట్టకండి. అలా పెడితే గదిలో ఎక్కువమంది మాట్లాడే భాషది నిండుతుంది, రెండోది ఖాళీగా మిగులుతుంది. సెషన్‌కు ఒకే ప్యాడ్ ఉండాలి. పైన రెండు భాషల్లో శీర్షిక, మూడేసి వాక్యాల సారాంశం, ఆ కింద ఎవరికి వచ్చిన భాషలో వాళ్ళు రాసే నోట్సు. రాసేవాళ్ళు ఇద్దరుండాలి: ఒకరు మాట వెంట రాస్తారు, ఇంకొకరు రెండో భాషలో సారాంశం మాత్రమే రాస్తారు. వాక్యం వాక్యం అనువదించాలని కూర్చుంటే పది నిమిషాలకే వెనకబడతారు. ఈ మూసను సెట్టింగ్స్ ఫైల్లో 'డిఫాల్ట్‌ప్యాడ్‌టెక్స్ట్' (defaultPadText) దగ్గర పెడితే ప్రతి కొత్త ప్యాడ్ దానితోనే తెరుచుకుంటుంది.

బటన్లు, మెనూల భాషను లింకులోనే చెప్పొచ్చు. చివర ప్రశ్నార్థకం, 'లాంగ్' పరామితి, భాషా సంకేతం చేరిస్తే చాలు (తెలుగుకైతే ?lang=te). ప్రతి గది తలుపు మీద రెండు క్యూఆర్ కోడ్లు అంటించండి. రెండూ ఒకే ప్యాడ్‌కు, వేరు వేరు భాషల్లో. చిన్న పనే, కానీ ఇక్కడ తన భాష కూడా ఉందని వచ్చినవాళ్ళకు గుమ్మంలోనే తెలుస్తుంది.

రంగులు మాత్రం తికమక పెడతాయి. అక్షరాల వెనక రంగు రాసిన మనిషిది, భాషది కాదు. మొదట్లోనే చెప్పకపోతే పొరబడతారు. రెండు భాషల్లో ఒకటి కుడి నుంచి ఎడమకు రాసేదైతే ఇబ్బంది ఇంకా పెద్దది. దిశ మార్చే సెట్టింగు ప్యాడ్ మొత్తానికీ వర్తిస్తుంది, వరుసకొకటి పెట్టడం కుదరదు. అలాంటి చోట వేరే సాధనం చూసుకోవడం మేలు.

సర్వర్ సంగతి. ఈథర్‌ప్యాడ్‌తో పాటే వచ్చే 'డర్టీ' డేటాబేస్ పరీక్షలకే. సభకు పోస్ట్‌గ్రెస్ గానీ మైఎస్‌క్యూఎల్ గానీ డేటాబేస్‌గా పెట్టండి. ఈథర్‌ప్యాడ్‌కు ముందు ఎన్‌జిన్‌ఎక్స్ (బయటి అభ్యర్థనలను దానికి అందించే వెబ్ సర్వర్) ఉంటే, వెబ్‌సాకెట్ (టైపు చేసింది వెంటనే అందరికీ చేరవేసే కనెక్షన్) అప్‌గ్రేడ్ హెడర్లు దాటేలా చూడాలి. ప్యాడ్ పేరులో ఒక్క అక్షరం తప్పినా కొత్త ఖాళీ ప్యాడ్ తెరుచుకుంటుంది, నోట్సు రెండు ముక్కలవుతాయి. అందుకే గది, సమయాల పేర్లతో ప్యాడ్లన్నీ ముందే సృష్టించి, తర్వాత సెట్టింగ్స్‌లో కొత్త ప్యాడ్లు తెరవనివ్వని 'ఎడిట్‌ఓన్లీ' (editOnly) పెట్టేయండి. సెషన్ పేర్లు ఆ ఉదయం దాకా తెలియవు, గదులూ వేళలూ ముందే తెలుస్తాయి కదా. ఎవరైనా పొరపాటున అంతా చెరిపేస్తే కంగారు పడనక్కర్లేదు, మార్పుల చరిత్ర చూపే టైమ్‌స్లైడర్‌లో పాత రూపం ఉంటుంది. వైఫై తెగినప్పుడు టైపు చేసింది మాత్రం పోవచ్చు. రాసేవాళ్ళిద్దరికీ ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచండి.

సెషన్ల పట్టికను మాత్రం ఇందులో పెట్టకండి. వరండాలో నిలబడి అందరూ ఒకేసారి చూసి, బేరాలాడుకుని, కార్డు తీసి పక్క గడిలో అంటించే పని గోడ మీదే జరగాలి. భాషకొక రంగు కార్డు, రెండూ కలిసిన సెషన్‌కు మూడో రంగు. ప్రతి వేళకూ రెండు భాషల్లోనూ కనీసం ఒక్కో సెషన్ ఉందో లేదో దూరం నుంచే కనబడుతుంది. లేకపోతే అక్కడికక్కడే ఒక కార్డు జరపమని అడగొచ్చు.

సభ ముగిసిన సాయంత్రమే ప్రతి ప్యాడ్‌నూ హెచ్‌టీఎంఎల్‌గానూ, మార్పుల చరిత్రంతా ఉండే ఈథర్‌ప్యాడ్ ఫార్మాట్‌లోనూ దించుకోండి. బయటివాళ్ళకు పంపేది చదవడానికి మాత్రమే పనికొచ్చే లింకు. అది షేర్ బటన్ కింద ఉంటుంది.