శనివారం రాత్రి చేతిలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు: ఆరాధన సిద్ధపాటుకు ఎంత పనికొస్తుంది?

ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అనే ఈ ఆరాధన పాటల పుస్తకాన్ని చాలామంది ఆదివారం గుడిలోనే తెరుస్తారు. తెరవాల్సింది శనివారం రాత్రి. పాట అందుకున్నాక అర్థం వెతుక్కునే తీరిక ఉండదు. నోరు తాళం వెంట పోతుంది, మనసు వెనకే ఉండిపోతుంది.

తెలుగు క్రైస్తవ కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి (1803–1890) కాలపు కీర్తనల్లో సంస్కృత పదాలు, సంధులు ఎక్కువ. ‘త్రాహిమాం’ అంటే ‘నన్ను కాపాడు’ అని తెలియకుండానే ఏళ్ల తరబడి పాడేవారున్నారు. పైగా తాళం కోసం పాదాలను గీతలతో విరిచి అచ్చువేస్తారు. కాబట్టి ముందు పాడొద్దు. గీతల దగ్గర ఆగకుండా, వచనంలా పైకి చదవండి. చరణం చివర నిలువు గీతల మధ్య పల్లవి మొదటి మాట కనిపిస్తుంది. దాన్ని దాటేయకుండా పల్లవి మళ్లీ చదివితేనే చరణం పూర్తయినట్టు.

భోజనాలయ్యాక 20 నిమిషాలు చాలు. ముందు బైబిల్లోని 51వ కీర్తన, 19 వచనాలు, నిదానంగా. తర్వాత ఈ పుస్తకంలోంచి పశ్చాత్తాపపు పాట ఒక్కటే. నాలుగైదు పెట్టుకుంటే అది పాటల సాధన అయిపోతుంది. ఆపైన మత్తయి సువార్త 5:23–24: అర్పణకు ముందు సహోదరునితో సమాధానపడమన్న మాట. ఎవరితోనైనా మాటలు తెగి ఉంటే ఆ రాత్రే ఫోన్ చేయాలి. అందరూ వదిలేసేది ఈ పనే, అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే.

ప్రభు భోజన సంస్కారం (బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం) ఉన్న ఆదివారానికి కీర్తనల పుస్తకం ఒక్కటే సరిపోదు. బైబిల్లో పౌలు రాసిన 1 కొరింథీయులకు పత్రిక 11వ అధ్యాయం కూడా కావాలి, అదీ 17వ వచనం నుంచి. నేరుగా 27 దగ్గర మొదలుపెట్టి, ‘అయోగ్యముగా’ అన్న మాటకు బెదిరి బల్లకు దూరంగా ఉండిపోయేవారున్నారు. 21వ వచనం చూడండి: ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తులో ఉన్నాడు. పౌలు గద్దించింది ఆ తీరును. 28లో పరీక్షించుకొని తినమన్నాడు, మానుకోమనలేదు.

లోపం ఒకటుంది. పాట పైన రాగం, తాళం పేర్లు ఉంటాయి గానీ, మాటలు మాత్రమే ఉన్న ముద్రణలో స్వరాలు ఉండవు. తెలియని బాణీ పెద్దల దగ్గర వినాల్సిందే.

కొనేటప్పుడు పెద్ద అక్షరాలది తీసుకోండి. జేబు పుస్తకం రాత్రి దీపం వెలుగులో కళ్లకు శ్రమ. ఫోన్‌లో చదువుకోవచ్చు గానీ, మధ్యలో ఒక్క మెసేజ్ వచ్చినా మళ్లీ మొదటికే.